బరువు పదమూడు

సోహార్‌లో చీకటి ఎప్పుడూ పూర్తిగా పడదు.
రేవు పక్కన రిఫైనరీ మంట
ఆకాశాన్ని ఒక మూల కాలుస్తూనే ఉంటుంది.
లింబాద్రి ఆ మంట కింద పైపులకు రంగులేస్తాడు.
నేను ఇవతల, ఏసీ చలిలో,
గాజుసామాను కడుగుతాను.

రంజాన్ నెలంతా
క్యాంపు గేటు దగ్గర సంచి పట్టుకు నిలబడ్డాం.
ఉపవాసం విడిచినవాళ్లు నోట్లోంచి తీసిన ఖర్జూర గింజలు
నలభై ఒక్క కిలోలు.
"పిచ్చి లేసిందార మీకు, ఎంగిలి గింజలు ఏరుతున్నరు?"
మెస్సులో ఐలయ్య నవ్వాడు.
డాక్టర్ షమ్సా ఒక గింజను వేళ్ల మధ్య తిప్పి
వచ్చీరాని హిందీలో అంది:
"మా నానమ్మ వీటిని వేయించి కాఫీ కాచేది.
మనం గాలికి తాగిద్దాం."

కడిగి, ఎండబెట్టి, దంచి
యూరియా కలిపాను.
మా దిక్కు మక్కచేన్లకు చల్లే యూరియానే,
తడిచేతికి అదే చల్లదనం.
కొలిమిలో తొమ్మిది వందల డిగ్రీలు.
గాలి ఆడితే బూడిద,
ఆడకపోతే బొగ్గు.
తెల్లారి మూత తీస్తే
కాటుక.
ఆముదం దీపం మీద పట్టిన కాటుక కాదు,
కోటి కన్నాల కాటుక,
ఏ కన్నంలోనో నైట్రోజన్ ఒక్కటి
కాపలా కూర్చున్న కాటుక.

దాన్ని కాగితానికి పూసి
ఉప్పునీళ్లలో ముంచి కరెంటు పెడతాం.
కింది నుంచి బొగ్గుపులుసు వాయువు బుడబుడమంటూ వస్తుంది
(ఎనిమిదో తరగతిలో సత్తయ్య సారు నేర్పిన పేరు,
ఇక్కడ ఎవరికి చెప్పినా అర్థం కాదు).
పాము కాళ్లు పాముకే ఎరుకంటారు.
కాలి గాలైపోయిన బొగ్గును
మళ్లీ చమురు చెయ్యమని
బొగ్గునే బతిమాలుతున్నాం.

చాలా రాత్రులు అది మాట వినలేదు.
నీళ్లనే చీల్చి
హైడ్రోజన్ బుడగలు వదిలింది,
పిలవని పేరంటానికి ముందే వచ్చి కూర్చున్నట్టు.

ఏప్రిల్ పద్దెనిమిదిన
తెర మీద ఒక గీత లేచింది.
స్పిరిట్!
ఇంజన్‌లో పోస్తే మండే స్పిరిట్.
షమ్సా నేల మీద కూలబడిపోయింది.
నేను లింబాద్రిని నిద్ర లేపాను.
మస్కట్ నుంచి పెద్దసారు హల్వా పంపాడు.
డబ్బా విప్పకుండానే ఆమె అంది:
"ఒక్క పరీక్ష మిగిలింది."

మోచెయ్యంత సిలిండర్ వచ్చింది,
నా ఏడు నెలల జీతం.
లోపల అదే వాయువు, కర్బనం బరువు మాత్రం
పన్నెండు కాదు, పదమూడు.
స్పిరిట్ నిజంగా ఆ గాలికి పుట్టిందైతే
గీత రెండుగా చీలాలి.

చీలలేదు.
ఒంటిగా, నిటారుగా,
అబద్ధానికుండే ధీమాతో నిలబడింది.

మరి ఎక్కడిదీ స్పిరిట్?
రెండు రోజులు గదంతా వెతికాం.
మూడోరోజు నా చేతులే నాకు వాసనేశాయి.
తలుపు పక్కన గోడకు తగిలించిన సీసా.
గొట్టం పట్టేముందు, శుభ్రం కోసమని,
రెండు చుక్కలు రుద్దుకునే నా అలవాటు.

చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు.
వీసా ఆగస్టు దాకే.
మసి పూసి మారేడుకాయ చేయడానికి
మసి కూడా మా దగ్గరే ఉంది, మూడు డబ్బాల నిండా.
చెప్పాను.
షమ్సా నా అరచేతుల్ని చాలాసేపు చూసింది.
"హల్వా తిరిగి పంపలేంగా," అంది. "తిందాం."

జులైలో, గాలి తడిగుడ్డలా మొహానికి అంటుకునే రాత్రి,
పదిహేను గంటలు నడిపాక
మళ్లీ గీత.
మొదటిదాంట్లో నలభయ్యో వంతు ఉందో లేదో,
దోమకాలంత.
కానీ చీలింది.
నడుమ సన్నటి ఖాళీతో, రెండు కొసలుగా.

"ఎంతొచ్చింది?" లింబాద్రి అడిగాడు.
"అగ్గిపుల్ల తల తడవదు."
వాడు కిటికీలోంచి మంటవైపు చూశాడు.
"అది గడియసేపట్ల ఊదేదాన్ని
మీరెన్నేండ్లకు పడ్తరు?"

ఆ లెక్క నాకు రాదు.
గొట్టం మళ్లీ కడిగాను,
నీళ్లతో, ఒట్టి నీళ్లతో, ఏడుసార్లు,
ఊపిరి కూడా
పక్కకు తిరిగి వదులుతూ.